చిటికెడు కారం, ఏడు సీట్ల కారు

ఆ శనివారం మా ఇంట్లో ఉన్నవాళ్ళు: తాతయ్య యలమందయ్య, నాయనమ్మ సుబ్బరావమ్మ, నాన్న శ్రీకృష్ణ, అమ్మ, చిలకలూరిపేట నుంచి వచ్చిన కోటేష్ బాబాయి, పిన్ని, వాళ్ళమ్మాయి హారిక. ఆ తర్వాత నేను. నాతో కలిపి ఎనిమిది మందిమి. అన్నం పళ్ళాలు లెక్కపెట్టేటప్పుడు నన్నెవరూ మర్చిపోరు, ఎందుకంటే పళ్ళాలు పెట్టేది నేనే.

మర్నాడు ఆదివారం అందరం సముద్రం చూడటానికి వాడరేవు వెళ్ళాలని అనుకున్నారు. వెళ్ళాలా వద్దా అని గొడవ లేదు. కారు మాట్లాడుకుని వెళ్ళాలా, బస్సులో వెళ్ళాలా అన్నదే గొడవ. పొద్దున ఇడ్లీల దగ్గర మొదలైంది, మధ్యాహ్నం అన్నాలయ్యాక కూడా తెగలేదు.

వాళ్ళకది మాట వరస గొడవ. నాకు కాదు. కారైతే నేను సముద్రం చూడను. బస్సయితే చూస్తాను. నాకు పదహారేళ్ళు. మా ఊరి నుంచి వాడరేవు యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. పదో తరగతిలో మా ఇరవై ఆరుగురిలో సముద్రం చూడనిదాన్ని నేనొక్కదాన్నే.

నాకు కారు పడదు. అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ వేసి, ముందర ఆ నిమ్మకాయ వాసన సీసా ఒకటి తగిలిస్తారు చూడండి, ఆ వాసన ముక్కుకి తగలగానే కడుపులో తిప్పడం మొదలవుతుంది. పోయిన వేసవిలో కూడా ఇలాగే కారులో వాడరేవు బయల్దేరాం. పర్చూరు చేరేలోపు రెండుసార్లు వాంతి చేసుకున్నాను. రెండోసారి హారిక ఒళ్ళో, దాని తెల్ల డ్రస్సు మీద. నన్ను పర్చూరులో నాయనమ్మ చెల్లెలి ఇంట్లో దించేసి మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. సాయంత్రం తిరిగొస్తూ ఎక్కించుకున్నారు. అందరి కాళ్ళకీ ఇసక ఉంది. కారులో కింద రాలిన ఇసకని నేను చెప్పు విప్పి పాదంతో తాకి చూశాను. నేను చూసిన సముద్రం అంతే.

అప్పుడు తీసిన ఫోటో మా ముందు గదిలో తగిలించి ఉంది. అలల్లో చీరలు ఎత్తి పట్టుకుని, పంచెలు ఎగ్గట్టుకుని ఆరుగురు నవ్వుతుంటారు. ఆ రోజు కూడా పిన్ని ఆ ఫోటో చూసి, "ఇందులో తేజూ లేదేం?" అని, వెంటనే తనే, "ఆ, తీసింది అదే అయ్యుంటుందిలే" అనేసింది. తీసింది ఒడ్డున పిల్లల్ని గుర్రమెక్కించే అతనట. ఆ మాట చెప్పాలని నోరు తెరిచేలోపు పిన్ని పులిహోర సంగతిలోకి వెళ్ళిపోయింది.

అమ్మకి మాత్రం అంతా గుర్తుంది. పోయినేడు గేదె ఈనేలా ఉందని అమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది, కానీ రాత్రి నేనే అంతా చెప్పి ఏడ్చాను. ఈసారి గొడవ మొదలవగానే అమ్మని వంటింట్లోకి లాగి, "హారిక ముందు ఆ వాంతుల మాట ఎత్తావంటే నేను అసలు ఎక్కడికీ రాను" అని ఒట్టు వేయించుకున్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

"ఏడు సీట్ల బండి అన్నయ్యా" అన్నాడు బాబాయి, మంచం మీద మఠం వేసుకుని. "పేటలో కార్లు బాడుగకిచ్చే సలీం మనకోసం పక్కన పెట్టి ఉంచాడు. డ్రైవరు కూడా అక్కర్లేదు. నేనే తోలతా."

"అదేరా నా భయం" అన్నాడు నాన్న.

బాబాయి స్పిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు. నాలుగు నెలల కిందట లైసెన్సు వచ్చింది. అప్పటి నుంచి ఏ పెళ్ళికైనా, చావుకైనా కారు మాట్లాడదాం అంటాడు.

"ట్రాక్టరు తోలరా అంటే కల్లంలో మిరపకాయల కుప్ప మీదకి ఎక్కించావు" అన్నాడు తాతయ్య. "ఆ ఏడు మనం కారం మరకి వెళ్ళే పని లేకుండా పోయింది."

"అది పన్నెండేళ్ళ కిందటి మాట నాన్నా!"

"కారం ఇంకా ఉందిరా జాడీలో."

పిన్ని అందుకుంది. "నవ్వులాటకేం గానీ బావగారూ, బస్సులో అయితే పులిహోర డబ్బా, చికెన్ క్యారేజీ, నీళ్ళ టిన్నులు ఎవరు మోస్తారు? పర్చూరులో మారాలి, చీరాలలో ఆటో ఎక్కాలి."

"ఈ ఎండలో బస్సంటే నేను రాను" అంది హారిక ఫోనులోంచి తల ఎత్తకుండా. అది నాకంటే నాలుగు నెలలు పెద్ద. అక్కా అని పిలవమంటుంది.

"బస్సులో అయితే నలుగురు మనుషులు కనపడతారు" అన్నాడు తాతయ్య. "కారులో మన మొహాలు మనమే చూసుకోవాలి. ఇంట్లో చూస్తున్నవి చాలవూ?"

"బస్సులో గాలి కూడా ఆడుద్ది" అంది అమ్మ, నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంటూ.

"ఏసీ వేస్తాం కదా వదినా!"

అమ్మ ఆ మాట అక్కడితో వదిలేసి చెంగుతో విసురుకుంది. ఒట్టు వేసింది కదా.

నేను మాట్లాడాలని మూడుసార్లు అనుకున్నాను. మొదటిసారి, "నాకైతే బస్సే..." అన్నాను. అప్పుడే బాబాయి కూలరు రెండో నంబరు మీదకి తిప్పాడు. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు. రెండోసారి గుమ్మంలో నిలబడి నోరు తెరిచేసరికి, "ఆ, మంచినీళ్ళు తెచ్చి పెట్టమ్మా" అన్నాడు బాబాయి. తెచ్చి పెట్టాను. మూడోసారి నాన్నే నన్ను చూసి, "ఏంటి తేజూ, ఏదో అనబోతున్నావు?" అన్నాడు. అందరూ మాటలు ఆపి నా వైపు తిరిగారు. ఏడు మొహాలు.

"మజ్జిగ తేనా?" అన్నాను.

అందరూ తెమ్మన్నారు.

మజ్జిగ కలుపుతూ నన్ను నేను ఎంత తిట్టుకున్నానో పురుగుమందుల కొట్టువాళ్ళు ఇచ్చిన నా డైరీలో ఒక పేజీ నిండా రాసి ఉంది. డైరీలో నేను బాగానే మాట్లాడతాను.

చివరికి తీర్పు నాయనమ్మ దగ్గరికి వచ్చింది. బాబాయి, పిన్ని, హారిక కారంటున్నారు. నాన్న, తాతయ్య, అమ్మ బస్సంటున్నారు. నన్నెవరూ అడగలేదు.

"నా మోకాళ్ళకి బస్సు మెట్టు ఎక్కడం కష్టమే" అంది నాయనమ్మ. "అట్టాగని వీడు తోలతాడంటే గుండె దడదడలాడుతోంది. ఒక పని చేద్దాం. కోటేషూ, నువ్వు ఆ సలీంకి ఫోను కొట్టు. అతను ఎత్తేలోపు ఏ అపశకునమూ రాకపోతే కారే. వచ్చిందా, నోరు మూసుకుని అందరం బస్సు ఎక్కడమే."

"ఇదెక్కడి పంచాయితీ అమ్మా!" అన్నాడు బాబాయి. కానీ మా ఇంట్లో నాయనమ్మ తీర్పుకి అప్పీలు ఉండదు. ఫోను కొట్టాడు. మొదటిసారి లైనే కలవలేదు. "నమాజుకని ఫోను ఆపుంటాడు. కాసేపాగి చేస్తా" అన్నాడు.

ఆ కాసేపట్లోనే నాకు ఆలోచన వచ్చింది.

మా ఇంట్లో మనిషి మాటకంటే తుమ్ముకి విలువ ఎక్కువ. ఒక్క తుమ్ము వినపడితే బయల్దేరినవాళ్ళు వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాలి. రెండు తుమ్ములైతే శుభం. మిరపకాయల రోజుల్లో మాత్రం ఈ చట్టం చెల్లదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల్లో కాయలు ఎండుతుంటే ఊరంతా ఘాటే, ఊరంతా తుమ్ములే. తుమ్మినప్పుడల్లా ఆగితే పొలం పని ఒక్కటీ జరగదు. అందుకని ఘాటు తుమ్ము తుమ్ము కాదని నాయనమ్మ ఎప్పుడో తేల్చేసింది. కానీ ఇప్పుడు మే నెల. కాయ బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయి నెలయింది. కల్లం ఊడ్చేశారు. ఇప్పుడు తుమ్మితే అది అసలైన తుమ్మే.

ఒక్కటంటే ఒక్కటి తుమ్మాలి. సరిగ్గా ఫోను మోగుతున్నప్పుడు.

వంటింట్లోకి వెళ్ళి డైరీలో వెనక పేజీ చింపి, పుల్లలాగా చుట్టి ముక్కులో తిప్పాను. ఏమీ కాలేదు. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన ముక్కు అది, కాగితానికి ఎక్కడ లొంగుతుంది? ఇంకో పుల్ల చుట్టాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి గానీ తుమ్ము రాలేదు. ముందు గదిలోంచి బాబాయి, "ఇప్పుడు చేస్తున్నా" అనడం వినపడింది.

గట్టు మీద కారం జాడీ ఉంది. పోయిన వారమే మర పట్టించిన కొత్త కారం. చిటికెడు తీసి చున్నీ కొంగులో వేసుకున్నాను. చిటికెడు అనుకున్నాను. కంగారులో ఎంత తీశానో చూసుకోలేదు. అది రెండో తప్పు.

గుమ్మం పక్కన తలుపు చాటున నిలబడ్డాను. బాబాయి అందరికీ వినపడాలని ఫోను స్పీకరులో పెట్టాడు. ఒక రింగు. రెండు రింగులు. చున్నీ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను.

తుమ్ము వచ్చింది. గిన్నెలు మోగేంత తుమ్ము.

"ఆగు!" నాయనమ్మ చెయ్యెత్తింది. బాబాయి మొహం మాడ్చుకుని ఫోను కట్ చేశాడు.

తాతయ్య తొడ మీద చరుచుకున్నాడు. "బస్సే! రేపు ఆరింటి బస్సు. శ్రీకృష్ణా, నువ్వు ముందెళ్ళి కిటికీ సీట్లు పట్టు."

ఆ ఒక్క నిమిషం నాకు ఎంత బాగుందో చెప్పలేను. మనసులో అప్పుడే కిటికీ పక్కన కూర్చున్నాను. చీరాల దాటాను. ఆటో దిగాను. ఇంకా ఇసకలో కాలు పెట్టలేదు, ముక్కులో మళ్ళీ నిప్పు రాజుకుంది.

రెండో తుమ్ము.

"రెండు! శుభం!" హారిక చప్పట్లు కొట్టింది.

మూడు. "మళ్ళీ బేసి అయింది, కూర్చో" అన్నాడు తాతయ్య. నాలుగు. "సరి!" అని బాబాయి లేచాడు. అయిదు, ఆరు, ఏడు. బాబాయి క్రికెట్ స్కోరు చెప్పినట్టు పైకి లెక్కపెడుతున్నాడు. నేను ముక్కు పట్టుకున్నాను, ఊపిరి బిగపట్టాను, గోడకి ఆనుకున్నాను. ఏం చేసినా ఆగలేదు. పదకొండు దగ్గర ఆగాయి. కళ్ళు కనపడటం లేదు, గొంతు మండిపోతోంది. అయినా మనసులో ఒకటే లెక్క. పదకొండు బేసి. బస్సే.

అమ్మ పరిగెత్తుకొచ్చి నా గడ్డం పట్టుకుంది. "ఏమైందే తల్లీ? ఏమైంది చెప్పు!"

అమ్మకి ఒక్కదానికే, చెవిలో, నిజం చెప్పేద్దామనుకున్నాను. కారం అమ్మా, ముక్కులో కారం పెట్టుకున్నా అని. కానీ చెవిలో చెప్పే గొంతు లేదు. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుంటే మాట సగం విరిగి పైకే వచ్చింది.

"కారమ్మా..."

నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"విన్నారా!" బాబాయి మంచం మీద నుంచి దూకాడు. "కారమ్మా అంటోంది! పాపం, పొద్దుటి నుంచి గుమ్మంలో నిలబడి అదే చెప్పాలని చూస్తోంది పిచ్చిది. మనం విన్నామా?"

కాదు కాదు అని తల అడ్డంగా ఊపాను. నోరు తెరిస్తే పన్నెండో తుమ్ము వచ్చింది.

"ఇదుగో సత్యం!" అంది నాయనమ్మ. "మాటకి తుమ్ము తోడొచ్చింది. పైగా పన్నెండు, సరి. ఎన్నడూ నోరు విప్పని పిల్ల నోట వచ్చిన మాట. ఇంక తిరుగు లేదు. కారే."

"మరి మొదటి తుమ్మో?" అన్నాడు తాతయ్య.

"మీరుండండయ్యా. మొదటిది లెక్కలో కలిసిపోయింది."

బాబాయి అప్పటికే మళ్ళీ ఫోను కొట్టాడు. "ఆ, సలీం! బండి మాకే. పొద్దున అయిదింటికి వచ్చి తెచ్చుకుంటా. ఆ, కడిగించి పెట్టు. వాసన సీసా ఉందిగా? ఆ, అదే, నిమ్మకాయది." ఫోను పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. "మాట్లాడేశా."

కారు మాట్లాడటానికి బాబాయికి అర నిమిషం పట్టింది. నేను మూడు ముక్కలు మాట్లాడటానికి పొద్దుటి నుంచి తంటాలు పడుతున్నాను.

ఈలోగా పిన్ని నా నుదురు తాకి చూసింది. మే నెల మధ్యాహ్నం, పొయ్యి పక్కన నిలబడి వచ్చినదాని నుదురు ఎలా ఉంటుంది? "అమ్మో, కాలిపోతోంది! అక్కా, చూడు, మొహం ఎట్టా ఎర్రబడిందో. ముక్కు కారుతోంది. ఇది జలుబు కాదు, జ్వరం."

"పన్నెండు తుమ్ములంటే మాటలా" అంది నాయనమ్మ. "దీన్ని సముద్రంలో దించితే ఇంకేమన్నా ఉందా? రేపు ఇది ఇంట్లోనే. మిరియాల కషాయం కాచి పోస్తే ఎల్లుండికి తగ్గిపోద్ది."

"అదేంటి అత్తయ్యా, పొద్దుటికి తగ్గితే..." అని అమ్మ మొదలుపెట్టింది.

"తగ్గినా తీసుకెళ్ళేది లేదు. దీనికి తోడు నేనుంటా. నేనెట్టాగూ ఆ ఇసకలో నడవలేను."

నాన్న నాయనమ్మ వైపు చూశాడు. "అమ్మా, నీ మోకాళ్ళ కోసమే కదా కారు. నువ్వు రానప్పుడు కారెందుకు? బస్సులోనే పోదాం."

నాకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. అవును నాన్నా, ఇంకా గట్టిగా అను, అని మనసులోనే బతిమాలుకున్నాను.

"మాట్లాడేశా కదా అన్నయ్యా!" అన్నాడు బాబాయి. "మాట ఇచ్చాక వద్దంటే ఏం బాగుంటుంది? సలీం దగ్గర నా పరువేం కావాలి?"

పరువు మాట వచ్చేసరికి నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అంటే ఆ సంగతి అయిపోయినట్టే.

నన్ను మధ్య గదిలో పడుకోబెట్టారు. మే నెలలో దుప్పటి కప్పారు. కారం మంట తగ్గి గొంతు తిరిగి వచ్చేసరికి వినేవాళ్ళు ఎవరూ లేరు. అమ్మ మిరియాలు దంచుతోంది. నాయనమ్మ పక్కన కూర్చుని ఎన్ని వెయ్యాలో చెబుతోంది. తాతయ్య, నాన్న పాలకేంద్రానికి వెళ్ళారు. ముందు గదిలో బాబాయి, పిన్ని ఎవరు ఎక్కడ కూర్చోవాలో పంచుకుంటున్నారు. "ఏడు సీట్లకి ఆరుగురం. కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు" అని పిన్ని నవ్వుతోంది.

ఇప్పుడైనా లేచి వెళ్ళి చెప్పాలనుకున్నాను. మొత్తం మాట మనసులో కట్టుకున్నాను. నాకు జ్వరం లేదు, కారం పీల్చాను, నేను అన్నది కారు కాదు, నాకు కారు పడదు, నేను ఇంతవరకు సముద్రం చూడలేదు. అయిదు ముక్కలు. వేళ్ళ మీద ఒకసారి అప్పజెప్పుకున్నాను. దుప్పటి తీసేసి లేచి గుమ్మం దగ్గరికి వచ్చాను.

గుమ్మంలో హారిక ఎదురొచ్చింది. నేను తలుపు చాటున పడేసుకున్న చున్నీ దాని చేతిలో ఉంది. కొంగు చివర ఎర్రటి మరక. అది మరక చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. హాచ్‌మని తుమ్మింది. తర్వాత నన్ను కింది నుంచి పైదాకా చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఓసినీ! కారమా?" అంది మెల్లగా. "కారమ్మా అంటే ఇదా?"

తల ఊపాను. అక్కా అని ఎప్పుడూ పిలవని దాన్ని, పిలిచాను.

"అక్కా, నువ్వు చెప్పవా? నువ్వు చెబితే బాబాయి వింటాడు. నాకు కారు పడదని నీకు తెలుసు కదా. నేను సముద్రం చూడలేదక్కా."

హారిక నవ్వు ఆపింది. చున్నీని నాలుగు మడతలు వేసి, మరక లోపలికి పోయేలా, నా చేతిలో పెట్టింది.

"తెలుసు" అంది. "పోయినేడు ఆ తెల్ల డ్రస్సు ఎన్నిసార్లు ఉతికించానో కూడా తెలుసు. దానిమీద ఇంకా మరకుంది తేజూ."

"ఈసారి బస్సు..."

"బస్సుకి మా నాన్న రాడు. ఆయన రాకపోతే మా అమ్మ రాదు. అప్పుడు ఎవ్వరం వెళ్ళం." అది వెనక్కి తిరిగి ముందు గదిలోకి చూసింది. బాబాయి గాలిలో స్టీరింగు తిప్పుతూ పిన్నికి చూపిస్తున్నాడు. హారిక మళ్ళీ నా వైపు తిరిగి, పెద్ద అక్కలాగా నా దుప్పటి సర్దడానికన్నట్టు నన్ను రెండడుగులు లోపలికి నడిపించింది.

"హారికా! ఆ తలుపు దగ్గరికెయ్యవే" అంది పిన్ని ముందు గదిలోంచి. "కూలరు గాలి తగిలితే దానికి ఇంకా ఎక్కువయిద్ది."

"ఆ, వేస్తున్నా" అంది హారిక. గడప దాటి, తలుపు రెక్క పట్టుకుని ఆగింది. ఏదో అంటుందని చూశాను. నాకోసం ఒక్క మాట అంటుందని.

"ఫోటోలు పెడతాలే" అని తలుపు వేసేసింది.